1942 ఏప్రిల్ 6న తెల్లవాళ్ల యుద్ధనౌకలు ఎక్కడున్నాయి? (అడ్మిరల్ సోమర్‌విల్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి)

ఉప్పుగాలి (విశాఖపట్నం)

నిన్న మా మేనకోడలిని బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియానికి తీసుకెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌వాళ్లు మన ఊరి మీద వేసిన బాంబు అక్కడుంది కదా. పిల్ల దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. "మామయ్యా, ఇంత నేవీ ఉన్న ఊళ్లో బాంబు ఎలా వేయగలిగారు?" అంది. అప్పుడు ఈ నేవీ లేదమ్మా, సముద్రం తెల్లవాళ్ల చేతిలో ఉండేది అన్నాను. "మరి ఆరోజు వాళ్లెక్కడికి పోయారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మా తాతయ్య ఆరోజు రేవులో కూలికి వెళ్లాడట. "విమానాలొచ్చాయి, బాంబులేశాయి, పోయాయి. తెల్లోడి ఓడ ఒక్కటీ అడ్డం రాలేదు" అని చచ్చేదాకా అంటూనే ఉండేవాడు. ఆ నౌకాదళానికి అప్పుడు అధిపతి సోమర్‌విల్ అనే అడ్మిరల్ అని మాత్రం చదివాను. ఎవరాయన? నిజంగానే పారిపోయాడా?

లంగరు67 (భీమిలి)

ఉప్పుగాలి గారూ, మీ మేనకోడలికి నా తరఫున శభాష్ చెప్పండి. నేను నేవీలో సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. సోమర్‌విల్ కూడా మా వైర్‌లెస్ మనిషే కాబట్టి ఆయన మీద నాకు మొదట్నుంచీ ఆసక్తి. తెలిసింది చెబుతాను.

ఏప్రిల్ 6 సోమవారం. విశాఖ మీదికి, కాకినాడ మీదికి వచ్చిన విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచాయి. అది ఒజావా అనే జపాన్ అడ్మిరల్ దళంలోది. ఆయన బంగాళాఖాతంలోకి వచ్చి తన ఓడల్ని మూడు గుంపులు చేసి, మన తీరంలోనూ ఒరిస్సా తీరంలోనూ కనిపించిన సరుకుల ఓడనల్లా ముంచుకుంటూ పోయాడు. 20కి పైగా ఓడలు పోయాయి.

ఇంతకంటే పెద్ద దళం ఇంకొకటి సిలోన్‌కు దక్షిణంగా తిరుగుతోంది. దాని అధిపతి నగుమో. పెర్ల్ హార్బర్‌ను కొట్టిన ఆరు విమానవాహక నౌకల్లో ఐదు ఆయన వెంట ఉన్నాయి. దాదాపు 300 విమానాలు. ఏప్రిల్ 5 ఈస్టర్ ఆదివారం పొద్దున కొలంబోను కొట్టింది ఆయనే.

ఇక సోమర్‌విల్. ఈస్టర్న్ ఫ్లీట్ (హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ నౌకాదళం) పగ్గాలు చేతికొచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. కాగితం మీద ఐదు బ్యాటిల్‌షిప్‌లు, అంటే పెద్ద తుపాకుల భారీ యుద్ధనౌకలు. అందులో వార్‌స్పైట్ ఒక్కటే బాగుచేసి కొత్త రూపు ఇచ్చిన ఓడ. మిగతా నాలుగూ, అంటే రిజల్యూషన్, రామిలీస్, రాయల్ సావరిన్, రివెంజ్, మొదటి యుద్ధం నాటివి. నడక నెమ్మది. ఉత్తర సముద్రం కోసం కట్టిన ఓడలు కావడంతో ఈ ఎండల్లో ఇంత దూరాలు తిరిగితే మంచినీళ్లకు కటకట. విమానవాహక నౌకలు ఇండోమిటబుల్, ఫార్మిడబుల్. రెండింటి విమానాలూ కలిపినా 100 లేవు. చిన్నది హెర్మీస్ ఇంకొకటి.

ఆ ముసలి ఓడల్ని చూసి ఆయన, పాత ఫిడేలు మీద కూడా మంచి రాగాలు పలుకుతాయని తన వాళ్లకు సిగ్నల్ ఇచ్చాడు. ధైర్యం చెప్పడానికి అన్న మాటే గానీ ఆ ఫిడేలుతో ఏం చేయగలడో ఏం చేయలేడో ఆయనకు బాగా తెలుసు. పగలు ఎదురుపడితే బతికేది లేదు. తన ఆల్బకోర్ విమానాలకు రాడార్ ఉంది, చీకట్లో టార్పెడో వేయగలవు. జపాన్‌వాళ్లకు అప్పటికి ఆ విద్య లేదు. అందుకని పగలు దూరంగా ఉండు, రాత్రి దగ్గరికి జరుగు, అదీ ఆయన ఎత్తు. మార్చి 31 నుంచి ఏప్రిల్ 2 దాకా సిలోన్ దక్షిణాన అలాగే కాపు కాశాడు.

వాళ్లు రాలేదు. ముసలి ఓడల్లో నీళ్లు అడుగంటాయి. మాల్దీవుల దక్షిణ కొసన అడ్డూ అనే పగడపు దీవి ఉంది, జపాన్‌వాళ్లకు తెలియకుండా కట్టుకున్న రహస్య స్థావరం. 600 మైళ్లు వెళ్లి ఏప్రిల్ 4 మధ్యాహ్నం అక్కడ లంగరు వేశాడు. ఆ సాయంత్రమే లెనర్డ్ బర్చల్ అనే కెనడా పైలట్ తన కాటలీనా విమానంలోంచి నగుమో దళాన్ని చూశాడు. కబురు వైర్‌లెస్‌లో వెళ్తుండగానే ఆయన్ని కూల్చేశారు. సగమే అందింది, కానీ ఆ సగమే కొలంబోను మేలుకొలిపింది.

సోమర్‌విల్ మళ్లీ ఉరుకులు పరుగులు. అందుకే మీ ఊరి మీద బాంబులు పడ్డ రోజున ఆయన మన తీరానికి ఎక్కడో దూరాన, హిందూ మహాసముద్రం నడుమ ఉన్నాడు.

కోరంగి (కాకినాడ)

మా అమ్మమ్మ వాళ్లది రంగం కుటుంబం. రంగూన్ అంటే ఈ తరానికి తెలుస్తుందేమో గానీ మా ఇంట్లో ఇప్పటికీ "రంగం" అనే అంటాం. జపాన్‌వాళ్లు రంగంలో అడుగుపెట్టకముందే ఓడెక్కి కాకినాడలో దిగారు. మార్చి 8న రంగం పడిపోయిందని ఇక్కడున్నాకే విన్నారు.

మా రేవు లోతు తక్కువ, పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా లంగరు వేస్తే సరుకు నావల్లో తెచ్చుకోవాలి. అలా నడిసముద్రంలో నిలబడ్డ ఓడ విమానానికి ఎంత తేలికో ఊహించుకోండి. అమ్మమ్మ చెప్పేది ఒకటే మాట. "బాంబులకు భయపడి రంగం వదిలి వచ్చామమ్మా, మా వెనకాలే వచ్చేసింది" అని. ఆరోజు పొయ్యి మీద అన్నం కుండ అలాగే వదిలేసి పిల్లల్ని చంకనేసుకుని పెద్దాపురం దారి పట్టారట. తిరిగొచ్చేసరికి కుండ మాడి పగిలిపోయింది.

లంగరు గారూ, మీరు చెప్పిన లెక్కలన్నీ అర్థమయ్యాయి. కానీ అమ్మమ్మలాంటి వాళ్లకు ఎవరూ ఒక మాట చెప్పలేదండీ. మేము లేము, మీ దారి మీరు చూసుకోండి అని కూడా.

పాతపటాలు (హైదరాబాద్)

కోరంగి గారి మాటతో మొదలుపెడతాను. ఆ నెలలో మద్రాసు సగం ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు వెళ్లింది. జనానికి కబురు చెప్పకపోవడం సర్కారు తప్పు, సోమర్‌విల్‌ది కాదు.

అయితే ఆయన్ని అంత తేలిగ్గా వదిలేయనూ లేను. శత్రువు ఇక రాడేమో అనుకుని దళాన్ని చెదరగొట్టింది ఆయనే. డార్సెట్‌షైర్ అనే క్రూయిజర్‌ను మరమ్మతుకు, కార్న్‌వాల్‌ను కాన్వాయ్ (గుంపుగా వెళ్లే ఓడలు) కాపలాకు కొలంబో పంపాడు. హెర్మీస్‌ను సిలోన్ తూర్పు తీరంలోని ట్రింకోమలీ రేవుకు పంపాడు. బర్చల్ కబురు వచ్చాక ఆ రెండు క్రూయిజర్లూ కొలంబో వదిలి ఆయన్ని కలుసుకోవడానికి బయల్దేరాయి. ఏప్రిల్ 5 మధ్యాహ్నం జపాన్ డైవ్ బాంబర్ల కంట పడ్డాయి. రెండూ మునగడానికి అరగంట కూడా పట్టలేదు. 424 మంది పోయారు. బతికిన 1,122 మంది ఇంధనం నూనె తేలే నీళ్లలో, ఆ ఎండలో, దాదాపు 30 గంటలు ఉన్నారు. తీసింది ఎప్పుడో తెలుసా? ఏప్రిల్ 6న. విశాఖ మీద బాంబులు పడ్డ రోజే.

ఏప్రిల్ 9న హెర్మీస్ వంతు. ఆ విమానవాహక నౌక మీద ఆ సమయానికి విమానాలే లేవు. 300 మందికి పైగా చనిపోయారు. తోడున్న ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ వాంపైర్ కూడా పోయింది.

పారిపోయాడని నేను అనను. లెక్క తప్పాడు అంటాను.

లంగరు67

పాతపటాలు గారూ, ఒప్పుకుంటాను. ఆయన తప్పులు దాచాల్సిన పనిలేదు. కాకపోతే ఒకటి. ఏప్రిల్ 5 సాయంత్రం ఆయన నగుమోకు చాలా దగ్గర దాకా వెళ్లాడు. ఆల్బకోర్లను వెతకడానికి పంపాడు. చీకటి పడ్డాక వాళ్లు చిక్కలేదు. చిక్కి ఉంటే ఏమయ్యేదో దేవుడికెరుక. వాళ్ల కంట తను పడి ఉంటే మాత్రం హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ జెండా మిగిలేది కాదు. ఆ తర్వాత విమానవాహక నౌకల్ని బొంబాయికి, ముసలి ఓడల్ని ఆఫ్రికా తీరంలో కిలిండినికి తీసుకుపోయాడు. దళం చెక్కుచెదరకుండా ఉంటే, అది ఎక్కడున్నా సరే, శత్రువు దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

అసలు ఆ మనిషి ఆ కుర్చీలో ఉండటమే ఒక వింత. 1882లో పుట్టాడు, 1897లో బ్రిటానియా శిక్షణ నౌకలో క్యాడెట్‌గా చేరాడు. వైర్‌లెస్ చుక్కలు గీతలుగా ఉన్న రోజుల్లోనే దాన్ని పట్టుకున్నాడు. మొదటి యుద్ధంలో టర్కీ దగ్గరి డార్డనెల్స్ జలసంధిలో పనిచేసి డీఎస్ఓ పతకం తెచ్చుకున్నాడు. 1938లో ఈస్టిండీస్ కమాండర్-ఇన్-చీఫ్ అయ్యాడు, అంటే మన సముద్రం ఆయనకు 1942కు ముందే తెలుసు. 1939లో క్షయ అని తేల్చి ఇంటికి పంపేశారు. నౌకాదళం లెక్కలో ఆయన కథ అక్కడితో అయిపోయింది.

యుద్ధం మొదలవగానే ఊరుకోలేదు. రాడార్ పనిలో దూరాడు. ఓడల మీద రాడార్ తొందరగా రావడం వెనక ఆయన పోరు చాలా ఉంది. 1940 మేలో డన్‌కర్క్ నుంచి సైనికుల్ని తరలిస్తుంటే డోవర్ వెళ్లి, ఆ పని నడిపిస్తున్న అడ్మిరల్ రామ్సే కింద పని చేస్తానని తనంతట తనే నిలబడ్డాడు. జూన్ ఆఖరుకు జిబ్రాల్టర్‌లో ఫోర్స్ హెచ్ అనే దళాన్ని ఆయన చేతిలో పెట్టారు. పెన్షన్ పుచ్చుకుంటున్న రోగి మళ్లీ సముద్రం మీదికి వచ్చాడు.

డాల్ఫిన్‌నోస్ (విశాఖపట్నం)

అంకుల్, ఫోర్స్ హెచ్ అంటే ఫ్రెంచ్ ఓడల్ని కాల్చిన దళమే కదా? నిన్నటిదాకా మిత్రులుగా ఉన్నవాళ్లని చంపినవాడు మనకు హీరో ఎలా అవుతాడు?

పాతపటాలు

తమ్ముడూ, ఇక్కడెవరూ హీరోని చేయడం లేదు. కానీ ఆరోజు ఏం జరిగిందో పూర్తిగా తెలుసుకో.

1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది. ఆ దేశపు నౌకాదళం జర్మనీ చేతికి పోతుందని లండన్ భయం. అల్జీరియాలో మెర్స్-ఎల్-కెబీర్ రేవులో డంకెర్క్, స్ట్రాస్‌బర్గ్, ప్రొవాన్స్, బ్రెటాన్ అనే పెద్ద యుద్ధనౌకలు నాలుగు ఉన్నాయి. సోమర్‌విల్‌కు ఆజ్ఞ వచ్చింది. మాతో కలిసి రండి, లేదా తక్కువ సిబ్బందితో బ్రిటన్ రేవుకు రండి, లేదా వెస్టిండీస్ వెళ్లండి, ఏదీ కాకుంటే మీరే ముంచుకోండి. ఒప్పుకోకపోతే కాల్పులు.

బలప్రయోగం వద్దని సోమర్‌విల్ ముందే లండన్‌కు చెప్పాడు. ఆయన కింది అధికారులూ అదే మాటన్నారు. లండన్ వినలేదు.

జూలై 3 పొద్దున రాయబారానికి కెప్టెన్ హాలండ్‌ను పంపాడు. పారిస్‌లో రాయబార కార్యాలయంలో పనిచేసిన మనిషి, ఫ్రెంచ్ బాగా వచ్చు. ఫ్రెంచ్ అడ్మిరల్ జెన్సూల్‌కు కెప్టెన్ హోదావాడు తన దగ్గరికి రావడం నామోషీ అయింది. కలవనన్నాడు. కింది అధికారి ద్వారా చీటీలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి సాయంత్రం నాలుగు దాటాక హాలండ్‌ను తన గదిలోకి రానిచ్చాడు. మాట కాస్త దారిలో పడేసరికి టైం అయిపోయింది. ఫ్రెంచ్ సాయం బయల్దేరిందని తెలిసి, తొందరగా తేల్చమని లండన్ నుంచి ఒత్తిడి. సోమర్‌విల్ గడువు సాయంత్రం 5:30 దాకా పొడిగిస్తూ వచ్చాడు. ఆ గడువూ దాటాక ఇంకో 24 నిమిషాలు ఆగాడు. 5:54కి ఆయన జెండా ఎగిరే ఓడ హుడ్ తుపాకులు పేలాయి. హాలండ్ పడవ ఇంకా రేవు వదిలి ఎంతో దూరం పోలేదు.

పది నిమిషాల పని. బ్రెటాన్ పేలి బోర్లా పడింది, ఒక్క ఆ ఓడలోనే 977 మంది. మొత్తం దాడుల్లో 1,297 మంది ఫ్రెంచివాళ్లు చనిపోయారు. స్ట్రాస్‌బర్గ్ తప్పించుకుని తూలాన్ చేరింది.

ఆ తర్వాత భార్యకు రాసిన ఉత్తరంలో, ఈ కాలంలో ఇంతకంటే పెద్ద రాజకీయ పొరపాటు ఉండదని రాసుకున్నాడు. చేసింది తనే, తప్పన్నదీ తనే. 1942 నవంబర్ 27న జర్మన్లు తూలాన్ మీదికి వస్తే ఫ్రెంచివాళ్లు తమ ఓడల్ని తామే ముంచేసుకున్నారు. జర్మన్లకు ఓడల్ని దక్కనివ్వమని ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. అది చదివినప్పుడల్లా ఆ 1,297 మంది గుర్తొస్తారు నాకు.

డాల్ఫిన్‌నోస్

ఇదంతా తెలియదన్నా. కాల్చనని రాజీనామా చేసి ఉండాల్సింది అనిపిస్తోంది.

నీరెండ (బ్రిస్టల్, ఇంగ్లండ్)

రాజీనామా చేస్తే ఇంకొకరు వచ్చి గడువు పొడిగించకుండానే కాల్చేవారేమో తమ్ముడూ. అదొక సమర్థనే గానీ సమాధానం కాదనుకోండి.

నేనుండే చోటికి గంట దూరంలో, వెల్స్ దగ్గర డిండర్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి డిండర్ హౌస్ ఆయనది. ఇక్కడి పాతతరం నేవీ వాళ్లకు ఆయన మాట వస్తే ముందు ఆయన నోరు గుర్తొస్తుంది. 1939లో ఒక "సర్" బిరుదు, 1941లో ఇంకోటి వచ్చాయి. మధ్యధరా తూర్పున ఉన్న అడ్మిరల్ కన్నింగ్‌హామ్ బ్రిటానియా నాటి సహాధ్యాయి. అభినందిస్తూ, "ఈ వయసులో రెండుసార్లా!" అన్నట్టు సిగ్నల్ కొట్టాడు. ఇంగ్లిష్‌లో ఆ బిరుదు పొందినవాణ్ని "నైట్" అంటారు, దానికీ రాత్రికీ ఒకటే ఉచ్చారణ, సరసం అందులో ఉంది.

బిస్మార్క్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1941 మే 24న ఆ జర్మన్ ఓడ హుడ్‌ను ముంచింది. 1,415 మంది పోయారు, బతికింది ముగ్గురు. ఏడాది కిందట సోమర్‌విల్ జెండా ఎగిరిన ఓడ అదే. మే 26న ఆయన దళంలోని ఆర్క్ రాయల్ నుంచి స్వోర్డ్‌ఫిష్ విమానాలు లేచాయి. గుడ్డ కప్పిన, రెండంతస్తుల రెక్కల పాత విమానాలు. వాన, మబ్బు. కింద కనిపించిన ఓడే బిస్మార్క్ అనుకుని టార్పెడోలు వదిలారు. అది వాళ్లదే, షెఫీల్డ్! అదృష్టం, కొన్ని నీళ్లు తాకగానే పేలిపోయాయి, మిగతావాటిని ఓడ తప్పించుకుంది. ఎదురు ఒక్క గుండు కూడా కాల్చలేదు. ఆ పొరపాటే మేలు చేసింది. ఓడ ఇనుముకు దగ్గరైతే టార్పెడోను పేల్చే అయస్కాంత మీటలు పనికిరావని తేలింది. తగిలితే పేలేవి బిగించి సాయంత్రం మళ్లీ 15 విమానాలు పంపారు. ఒక టార్పెడో చుక్కాని దగ్గర తగిలింది. బిస్మార్క్ గుండ్రంగా తిరగడం తప్ప ఎటూ పోలేకపోయింది. మర్నాడు మునిగింది.

ఆ కుర్రాళ్లతో ఆయనకు చనువెక్కువ. అరవైకి దగ్గరపడిన అడ్మిరల్ వెనక సీట్లో కూర్చుని వాళ్లతో కలిసి ఎగిరేవాడు. తను పంపేవాళ్లకు పైన ఏం కనిపిస్తుందో తనూ చూడాలనేవాడు. వేటకు తుపాకీ ఒక్కటే చాలదు, ముందు కళ్లతో చూడాలి అని మా తాత అనేవాడు. అదే గుర్తొచ్చింది నాకు.

ఉప్పుగాలి

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ నమస్కారం. ఒక సందేహం మాత్రం మిగిలింది. మెర్స్-ఎల్-కెబీర్‌లో వద్దనుకుంటూనే ఆజ్ఞ పాటించాడు. సిలోన్ దగ్గర మాత్రం లండన్ ఏమనుకుంటుందోనని చూడకుండా వెనక్కి తీసుకున్నాడు. ఒకే మనిషి, రెండేళ్లలో ఇంత తేడానా?

లంగరు67

తేడా కనిపిస్తుంది గానీ నడుమ ఇంకొకటి జరిగింది. 1940 నవంబర్ 27న సార్డీనియా దగ్గర స్పార్టివెంటో వద్ద ఇటలీ దళం ఎదురైంది. కొంత దూరం తరిమి, తన వెంట ఉన్న కాన్వాయ్‌ని కాపాడటమే ముఖ్యమని వెనుదిరిగాడు. చివరిదాకా ఎందుకు తరమలేదని, ఆయన ఇంకా రేవు చేరకముందే విచారణ సంఘం వేశారు. సంఘం ఆయన చేసిందే సబబంది. పై అధికారికి నచ్చకపోయినా అక్కడున్న మనిషికి కనిపించినదే నిజమని ఆయనకు అప్పుడే గట్టిపడిందని నా నమ్మకం. మెర్స్-ఎల్-కెబీర్‌లో ఆజ్ఞ స్పష్టం, సిలోన్ దగ్గర నిర్ణయం తన చేతిలోది. చేతిలో ఉన్నప్పుడు ఆయన మనుషుల్ని ఊరికే సముద్రం పాలు చేయలేదు.

మన సముద్రానికి తిరిగొచ్చాడని కూడా చెప్పాలి. 1944 నాటికి దళం మళ్లీ ట్రింకోమలీలో ఉంది. ఏప్రిల్ 19న అమెరికా విమానవాహక నౌక సారటోగాను వెంటబెట్టుకుని సుమత్రా కొసన సబాంగ్‌ను కొట్టాడు. మే 17న జావాలో సురబయా. జూలై 25న మళ్లీ సబాంగ్, ఈసారి యుద్ధనౌకల తుపాకులతో. తనకంటే వయసులో చాలా చిన్నవాడైన, అప్పటి ఆగ్నేయాసియా మిత్రదళాల అధిపతి మౌంట్‌బాటన్ తన దళం మీద పెత్తనం చేయబోతే ససేమిరా అన్నాడు, ఇద్దరికీ పొసగలేదు. ఆగస్టులో దళాన్ని అడ్మిరల్ ఫ్రేజర్‌కు అప్పగించి వాషింగ్టన్ వెళ్లాడు. అక్కడ అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ కింగ్ బ్రిటిష్‌వాళ్లంటే మండిపడే మనిషి. అలాంటివాడితో కూడా ముక్కుసూటిగా మాట్లాడి పని జరిపించుకున్నాడు. 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజే, అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ చేశారు. ఆ ఆగస్టులో భార్య పోయింది. 1949 మార్చి 19న డిండర్‌లో ఆయనా పోయాడు. 66 ఏళ్లు.

పాతపటాలు

లంగరు గారూ, "ఊరికే సముద్రం పాలు చేయలేదు" అన్నారు. హెర్మీస్ మాట? అక్కడ మాత్రం మీతో ఏకీభవించను. మిగతాది బాగా చెప్పారు.

లంగరు67

హెర్మీస్ విషయంలో నా దగ్గర జవాబు లేదండీ. ఒప్పుకుంటున్నాను.

కోరంగి

నిన్న రాత్రి ఈ చర్చంతా అమ్మకు చదివి వినిపించాను. అమ్మమ్మ చంకలో ఉన్న పిల్లల్లో అమ్మే చిన్నది, ఏడాది కూడా నిండలేదట. ఆ రెండు క్రూయిజర్లవాళ్లు ముప్పై గంటలు నీళ్లలో ఉన్నారన్న చోట ఆపమంది. "వాళ్లని తీసింది ఏ రోజన్నావే?" అని మళ్లీ అడిగింది. ఏప్రిల్ 6 అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మేం పెద్దాపురం దారిలో ఉన్నాం అప్పుడు" అంది.

ఉప్పుగాలి గారూ, వచ్చే ఆదివారం అమ్మను తీసుకుని విశాఖ వస్తున్నాను. ఆ బాంబు చూస్తానంటోంది. వీలైతే మీ మేనకోడల్ని కూడా తీసుకురండి, అమ్మ చెప్పాల్సింది ఆ పిల్లకే చెబుతుంది.

ఉప్పుగాలి

తప్పకుండా అండీ. పొద్దున పదింటికల్లా మ్యూజియం గేటు దగ్గర ఉంటాం. అమ్మగారికి మెట్లెక్కడం ఇబ్బందైతే ముందే చెప్పండి, కుర్చీ ఏర్పాటు చేస్తాను.